వాడిన తోటకూర బడ్జెట్టు

ఇంటి సరుకుల ఖర్చు నెలకు ఏడు వేలు దాటకుండా చూసుకోవాలనుకోవడంలో ప్రమాదకరమైనదేమీ లేదని మీరు అనుకోవచ్చు. నేనూ అట్లాగే అనుకున్నాను. అనుకున్న ఆ నెల చివర్లో మా ముందు గదిలో డజను మంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని, నన్ను కాపాడమని దేవుణ్ణి కన్నీళ్ళతో వేడుకుంటున్నారు. వాళ్ళలో ఒకరిద్దరు తప్ప ఎవరూ అంతకుముందు నన్ను చూసినవాళ్ళు కారు. చూసి ఉంటే అంత గట్టిగా అడిగేవాళ్ళు కారేమో.

అప్పటికి మాకు పెళ్ళై ఏడాది. తార్నాకలో ఓ మూడంతస్తుల ఇంట్లో పై పోర్షన్ మాది. నేరుగా స్లాబు కింద. ఎండాకాలంలో మా ఇంట్లో ఫ్యాను పని ఒకటే, వేడిని అన్ని మూలలకూ సమానంగా పంచడం. నా భార్య లావణ్య మెట్టుగూడలో జూనియర్ కాలేజీ లెక్చరర్. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎకనామిక్స్ రీసెర్చ్ స్కాలర్‌ని. అంటే నెలనెలా వచ్చే ఫెలోషిప్ మీద బతికే పెళ్ళైన విద్యార్థి అన్నమాట.

ఏప్రిల్ వచ్చేలోపు కూలర్ కొనాలని పైసలు పోగేస్తున్నాం. రెండు వేలు తక్కువ పడ్డాయి. ఆ రెండు వేలు ప్రతి నెలా కిరాణాలోకి పోతున్నాయని లావణ్య కనిపెట్టింది.

"నెలకు తొమ్మిది వేలైతున్నది. ఇద్దరం మనుషులం. ఏంది కథ?" అన్నది.

"ధరలు పెరిగినయ్."

"నీ థీసిస్ దేని మీద?"

నేను కొంచెం గొంతు తగ్గించి, "తక్కువ ఆదాయ కుటుంబాలు తిండి ఖర్చు ఎట్లా సర్దుకుంటాయన్న దాని మీద" అన్నాను.

"మరి మనమెట్ల సర్దుకుంటున్నం?"

"మనం శాంపిల్‌ల లేం."

ఆ జవాబు ఆమెకు నచ్చలేదు. నాకూ పౌరుషం వచ్చింది. "వంటిల్లు నాకియ్యి. ఒక్క నెల. ఏడు వేలల్ల నడిపిస్త. నెలాఖరుకు కూలర్ ఇంట్ల ఉంటది."

"ఉండకపోతే?"

"ఉంటది."

"ఉండకపోతే ఎండాకాలమంత నువ్వే నాకు విసనకర్ర పట్టాలె" అని తాళం చెవులు అప్పగించినంత గంభీరంగా గరిటె నా చేతికిచ్చింది.

మొదటి రోజు నుంచే నేను శాస్త్రీయంగా మొదలుపెట్టాను. పొద్దున తాజా కూరలు కొనడం మూర్ఖత్వం. పొద్దుగూకేటప్పుడు, బండివాడు ఇంటికి పోయే తొందరలో ఉన్నప్పుడు కొనాలి. మా గల్లీ మొగదల మల్లేశ్ అని ఒకతని బండి ఉండేది. నేను పోయేసరికి తోటకూర కట్టలు ఎంట్రన్స్ పరీక్ష రాసొచ్చిన పిల్లల్లాగా తలలు వాల్చేసి ఉండేవి. ధర అడిగి, నిట్టూర్చి, నా అస్త్రం తీసేవాణ్ణి.

"ఫెలోషిప్ రాలే భయ్యా. జర సూసియ్యి."

తార్నాకలో ఈ మాటకున్న బలం బయటివాళ్ళకు తెలియదు. ఇక్కడ చాయ్ బండి దగ్గర నుంచి జిరాక్స్ షాపు దాకా అందరూ ఏదో ఒక నెల ఈ మాట విని కరిగినవాళ్ళే. ఎందుకంటే మామూలుగా అది నిజమై ఉంటుంది. నా ఫెలోషిప్ మాత్రం ఆ ఏడాది ఏ పుణ్యమో గానీ ఠంచనుగా పడుతోంది. ఆ వివరం మల్లేశ్‌కు అనవసరమని నేను భావించాను.

"తీస్కో సార్, సగం ఇయ్యి" అన్నాడు మల్లేశ్.

పక్కనే కొత్తిమీర ఏరుకుంటున్న మా ఓనర్ ఆంటీ లక్ష్మమ్మ గారు నన్ను చూసింది, నా తోటకూరను చూసింది, కొత్తిమీర తీసుకుని వెళ్ళిపోయింది. ఆమెది జనగామ వైపు, పొలం పనులు చేసి, పైసా పైసా కూడబెట్టి ఇల్లు కట్టుకున్న మనిషి. ఆ చూపు నాకు మెచ్చుకోలులా అనిపించింది. పొదుపరిని పొదుపరే గుర్తుపడతాడని సంతోషించాను.

రెండో వారం లాలాపేట్ అంగడిలో ఒక పెద్ద ట్రే టమాటాలు నమ్మలేనంత చౌకగా దొరికాయి. ఎందుకంత చౌకో ఇంటికొచ్చాక తెలిసింది. ఆ సాయంత్రంలోగా వండకపోతే అవే వండుకునేట్టున్నాయి. ఉన్న గిన్నెలన్నీ పెట్టి పచ్చడి చేశాను. ఇద్దరం ఎంత తింటాం? ఒక గిన్నె కింద ఓనర్ ఆంటీకి, ఒక గిన్నె రెండో అంతస్తులో ఉండే మార్తమ్మ టీచర్ గారికి పంపించాను. టీచర్ గారిది బాపట్ల. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు చర్చి పనుల్లో మునిగి ఉంటుంది.

మన ఇళ్ళల్లో పద్ధతి మీకు తెలుసు. పక్కింటి నుంచి వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. మర్నాడు ఓనర్ ఆంటీ నా గిన్నెనిండా నాటుకోడి కూర తెచ్చింది.

"తిను బిడ్డా. సిగ్గుపడకు."

"సిగ్గెందుకాంటీ?"

"గట్లనే ఉండాలె. పైసలు ఇయ్యాల ఉండయ్, రేపొస్తయ్. మనిషి బాగుండాలె."

పెద్దావిడ వేదాంతం మాట్లాడుతోందనుకున్నాను. కూర అద్భుతంగా ఉంది.

సాయంత్రం మార్తమ్మ టీచర్ గారు కొర్రమీను పులుసుతో ఎక్కి వచ్చింది. ఆయాసం తీర్చుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, "నాయనా, ఏం జరిగినా పస్తులు మాత్రం ఉండకండి" అన్నది.

"అబ్బే, మాకట్లాంటి పట్టింపులు లేవండీ టీచర్ గారూ" అన్నాను. ఉపవాసాల గురించి అనుకున్నాను మరి. ఆమె కళ్ళు తుడుచుకుంది. పులుసు ఘాటేమో అనుకున్నాను.

ఇంత చదువుకున్నవాడికి ఇక్కడైనా అనుమానం రావాలి కదా అని మీరంటారు. నాకు అనుమానం రాలేదు, సిద్ధాంతం వచ్చింది. మర్నాడు క్యాంపస్ క్యాంటీన్‌లో మా డిపార్ట్‌మెంట్ నరేశ్ ముందు దాన్ని ప్రకటించాను.

"పచ్చడి గిన్నె పోతది, నాటుకోడి గిన్నె వస్తది. పెట్టుబడి ఎంత, రాబడి ఎంత, సూస్కో."

నరేశ్ హాస్టల్ పప్పు తిని తిని మనుషుల మీద నమ్మకం పోయినవాడు. "అన్నా, ఊకె ఎవ్వరు కోడి ఇయ్యరు. ఏందో ఉన్నది దీంట్ల."

"ఉన్నది. ఆచారం ఉన్నది. దాన్ని ఆర్థికశాస్త్రం ఇప్పటిదాకా పట్టించుకోలే."

"నీ గైడ్‌కు చెప్పినవా?"

"పేపర్ పబ్లిష్ అయినంక చెప్త."

అటు తర్వాత నేను మాంసం, చేపలు కొనడం మానేశాను. పచ్చడి పంపేవాణ్ణి, పులుసులు వచ్చేవి. తోటకూర పప్పు పంపేవాణ్ణి, కీమా వచ్చేది. నెలలో మూడు వారాలు గడిచేసరికి ఏడు వేలల్లో ఇంకా మిగులు కనిపిస్తోంది. విజయం తలకెక్కి చక్కెర కూడా ఆపేశాను. ఆరోగ్యానికి మంచిది కాదని లావణ్యకు చెప్పి, డబ్బా కడిగి, గిన్నెలతో వచ్చేవాళ్ళకు కనబడేట్టు గుమ్మం పక్కనే బోర్లించాను. చాయ్‌లో బెల్లం వేస్తే అది విరిగింది. విరిగిన చాయ్ తాగుతూ లావణ్య అడిగింది:

"పచ్చడికి కీమా ఎవరిస్తరు? ఏదో తేడాగ ఉన్నది. నువ్వు వాళ్ళకేం చెప్పినవ్?"

"వాళ్ళకు నేనేం చెప్పలే." ఇది నిజం. నేను చెప్పింది మల్లేశ్‌కు.

నెలాఖరు శనివారం ముందు రోజు టీచర్ గారు మెట్ల మీద ఆపింది. "నాయనా, రేపు సాయంత్రం మా సంఘం స్త్రీలు మీ ఇంట్లో చిన్న ప్రార్థన పెట్టుకుందామంటున్నారు. నీకేం అభ్యంతరం లేదుగా? నువ్వేం హైరానా పడొద్దు, తలా ఒక గిన్నె మేమే తెచ్చుకుంటాం."

నా చెవికి చివరి వాక్యమే వినబడింది. డజను గిన్నెలు! "మా భాగ్యం టీచర్ గారూ" అన్నాను.

వచ్చారు. పలావు, పప్పుచారు, గుడ్ల కూర, బియ్యం సంచీ, కందిపప్పు ప్యాకెట్లు. ఓనర్ ఆంటీ కూడా వచ్చి ఉన్న ఒక్క కుర్చీలో చేతులు జోడించి కూర్చుంది. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఒక పెద్దావిడ నా తల మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టింది.

"ప్రభువా, నీ బిడ్డను చూడు తండ్రీ. ఎన్ని చదువులు చదివాడు తండ్రీ! నెలల తరబడి ఫెలోషిప్పు రాక, భార్య జీతం మీద తలదాచుకుంటూ, వాడిపోయిన తోటకూర తింటున్నాడు ప్రభువా!"

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"అవునమ్మా, నా కండ్లతోని సూసిన" అని సాక్ష్యం పలికింది ఓనర్ ఆంటీ.

"చాయ్‌లోకి చక్కెర కూడా లేదు తండ్రీ!"

నేను ఒక కన్ను తెరిచాను. గుమ్మంలో లావణ్య నిలబడి ఉంది. చేతిలో ఆన్సర్ పేపర్ల కట్ట. నా రెండో కన్ను కూడా తెరవమన్నట్టు చూస్తోంది. ఇంతలో టీచర్ గారు, "రా తల్లీ, నువ్వూ మోకరించు" అని పక్కన కూర్చోబెట్టి తల మీద కొంగు లేకపోతే తన కొంగే కప్పింది. ఇంటర్ పిల్లలను ఒక్క చూపుతో వణికించే నా భార్య, తన మొగుడి దరిద్రం తీరాలని ఆమెన్ చెప్పింది.

అందరూ వెళ్ళాక లావణ్య అడిగిన మొదటి ప్రశ్న, "ఏ నెల రాలే నీ ఫెలోషిప్?"

"బండికాడ బేరమాడుకుంట ఒక మాటన్న."

"ఒక మాటనా?"

"రోజుకొక్కసారి."

"పోయి చెప్పు. అబద్ధమని చెప్పు."

"ప్రార్థన అయినంక చెప్తే బాగుండదు లావణ్యా. దేవుని దాక పోయింది ఫైలు."

అప్పుడే ఓనర్ ఆంటీ మళ్ళీ తలుపు దగ్గరకొచ్చింది. "బిడ్డా, ఎండలొస్తున్నయ్. ఈ స్లాబు కింద ఎట్ల పంటరు మీరు? మా పాత కూలర్ ఉన్నది కింద. మంచిగ నడుస్తది. పొద్దుగాల పైకెక్కిస్త, ఉంచుకోండ్రి."

ఆమె వెళ్ళగానే నేను లావణ్య వైపు తిరిగాను. నా ముఖం మీద ఏముందో నాకు తెలియదు గానీ, ఆమె "నవ్వకు" అన్నది.

"నెలాఖరుకు కూలర్ ఇంట్ల ఉంటదన్న. ఉంటది."

"సిగ్గులేదా?"

"ఆంటీ కూడ వద్దన్నది కదా, సిగ్గు."

లావణ్య తల పట్టుకుని, "ముందు ఆ గిన్నెలు కడిగి, ఖాళీగ పంపకుండ ఒక్కొక్క దాంట్ల చారెడు చక్కెరేసి ఇచ్చి రా. అంతకంటె ఎక్కువ చెయ్యకు" అన్నది.

చక్కెర లేదు. ఆ సంగతి దేవుడికి కూడా నివేదించబడి ఉంది. దుకాణానికి బయల్దేరాను. దారిలో నా మెదడు పని చేయడం మొదలైంది, అదే పొరపాటు. కూలర్ ఉచితంగా వస్తోంది. సరుకుల్లో మిగిల్చిన రెండు వేలు జేబులో ఉన్నాయి. ఇంత చేసిన వాళ్ళకు చారెడు చక్కెరా? మనిషన్నాక మర్యాద ఉండొద్దా? మెయిన్ రోడ్డు మీది మిఠాయి షాపులోకి నడిచి, స్వచ్ఛమైన నెయ్యి లడ్డూలు తూకం వేయించాను. నా అంతరాత్మ కూడా దాదాపు అంతే తూగింది. డజను గిన్నెలూ నిండేలా సర్ది, ఓనర్ ఆంటీకి ఒకటిచ్చి, మిగతావన్నీ టీచర్ గారింట్లో పెట్టి వచ్చాను. రెండు వేలల్లో చిల్లర మిగిలింది.

ఆదివారం పొద్దున కిందినుంచి కేక. "బిడ్డా, జర కిందికి రా!"

కూలర్ మోయడానికని పరుగున దిగాను. తుడిచిన కూలర్ వాకిట్లో మెరుస్తోంది. పక్కన ఆటో ఆగి ఉంది.

"వచ్చినయ్ కదా బిడ్డా! నేనన్న, ఆ తల్లుల ప్రార్థన ఊకె పోదని!"

"ఏమొచ్చినయాంటీ?"

"నీ పైసల్! రాకుంటె నెయ్యి లడ్డూలు ఎవరు పంచుతరు? ఇగ మీకు ఈ పాతది ఎందుకు, కొత్తది కొనుక్కుంటరు. మా తమ్ముని బిడ్డ మౌలాలిల ఉంటది, చిన్న పిల్లలతోని ఉక్కకు సస్తున్నది. దానికి పంపుతున్న. జర అటు దిక్కు పట్టు."

రాలేదంటే లడ్డూలకు లెక్క చెప్పాలి. వచ్చాయంటే కూలర్ పోతుంది. అసలు ఫెలోషిప్ ఆగనే లేదంటే నేనే పోతాను. నేను అటు దిక్కు పట్టాను. రెండో అంతస్తు నుంచి టీచర్ గారు లడ్డూ పట్టుకున్న చేతిని ఊపుతూ, "చూశావా నాయనా, రాత్రికి రాత్రే కార్యం జరిగింది! వచ్చే వారం మా సంఘంలో నువ్వే సాక్ష్యం చెప్పాలి!" అన్నది. మూడో అంతస్తులో లావణ్య పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, నేను కూలర్‌ను ఆటో ఎక్కించి తాడు కట్టడం మొత్తం చూసింది.

"బరువున్నదా?" అన్నది చివరికి.

కాబట్టి సకల పాఠక జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో వంటింటి బడ్జెట్ జోలికి పోను. బండివాడు ఎంతంటే అంత చెల్లించి, వీలైతే మరో పది రూపాయలు ఎక్కువిచ్చి నా సంపదను నలుగురికీ చాటుకుంటాను. మళ్ళీ ఎప్పుడైనా, ఎవరైనా జాలిపడి మాకు ఏదైనా ఇస్తామంటే, దాన్ని మూడంతస్తులు ఎక్కించి, నీళ్ళు పోసి, ప్లగ్గు పెట్టి, గాలి తగిలాకే నోరు తీపి చేస్తాను.