వదిన కుట్టిన ఫోటాన్

చూపు పూర్తిగా పోయాక ఆ ఫిజిక్స్ లెక్చరరమ్మని అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసింది బొమ్మల బెంగ. లెక్కలు నోటికొచ్చు. కానీ పరమాణువు లోపలి కణాల పాఠమంతా బోర్డు మీద గీసే బొమ్మల్లోనే ఉంటుంది. ఎలక్ట్రాన్‌కి బాణం గుర్తున్న తిన్నటి గీత, వెలుగు కణమైన ఫోటాన్‌కి అలలా మెలికలు తిరిగే గీత, కేంద్రకం లోపలి జిగురు కణమైన గ్లుయాన్‌కి స్ప్రింగులాంటి చుట్టలు.

"నాకే కనిపించని బొమ్మ పిల్లలకేం చెప్తాను? రాజీనామా ఇచ్చేస్తా" అంది ఒకరోజు.

ముందు గదిలో మిషన్ మీద బట్టలు కుట్టే వదిన పెడల్ ఆపింది.

"ఇద్దువుగాని, తొందరేముంది? ముందు ఆ గీతలెలా ఉంటాయో నా చేతిమీద గీసి చూపించు."

లెక్చరరమ్మ వేలితో గీసింది. "ఓస్, ఇంతేనా!" అంది వదిన.

మర్నాటికి ఒక మందపాటి గుడ్డ ఒళ్లో వచ్చి పడింది. లెక్చరరమ్మ వేళ్లు పెట్టి చూసింది. కింద రెండు ఎలక్ట్రాన్లు, తిన్నటి కుట్టు. పైకి వెళ్లేకొద్దీ దగ్గరయ్యాయి. మధ్యలో మెలికలు తిప్పి కుట్టిన లావు దారం, అది ఫోటాన్. దాని రెండు కొసల్లోనూ, గీతలు కలిసేచోట, చెరో గుండీ. అక్కణ్ణుంచి ఎలక్ట్రాన్లు చెరోవైపు తప్పుకున్నాయి.

"మీ అన్నయ్యా నేనూ మాటామాటా అనుకుని మొహాలు తిప్పుకున్నట్టుంది కదూ?" అంది వదిన.

లెక్చరరమ్మ ఎన్నాళ్లకో పడీపడీ నవ్వింది. మళ్లీ తడిమి, "ఈ పక్క బాణాలు తలకిందులుగా కుట్టావు. ఇది ఎలక్ట్రాన్ కాదు, దాని ప్రతికణం, పాజిట్రాన్ అయి కూర్చుంది" అంది.

"అయ్యో, విప్పేయనా?"

"వద్దొద్దు. దాని పాఠం కూడా చెప్పాలిగా. ఇంకోటి కుట్టు."

దారం తెంపుతూ వదిన అడిగింది. "ఇంతకీ ఆ ఫోటాన్ నిజంగా ఇలాగే మెలికలు తిరుగుతూ పోతుందా?"

"లేదు వదినా. అది మనం పెట్టుకున్న గుర్తు. మధ్యలో అదెలా పోతుందో ఎవరూ చూడలేదు."

"ఎవరూనా? కళ్లున్నవాళ్లు కూడా?"

"ఎవరూ."

"మరి నీకెందుకే అంత బెంగ?"

లెక్చరరమ్మ ఆ మెలికల దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసదాకా మరోసారి తడిమింది. రాజీనామా ఊసు మళ్లీ ఎత్తలేదు.

గుడ్డ బల్లమీద పరిచి, వేళ్లతో చదువుతూ పాఠం చెప్పడం మొదలుపెట్టింది. విద్యార్థులు వంతులవారీగా బోర్డు మీద గీసేవారు. ఎవరైనా తప్పు గీస్తే క్లాసంతా గోల. అలా ఏళ్లు గడిచాయి. బీరువాలో ఒక అర నిండా గుడ్డలే. గ్లుయాన్ చుట్టలకి మాత్రం వదిన ఇప్పటికీ విసుక్కుంటుంది, సూది ముక్కలవుతోందని.

ఒకసారి బలవంతాన వదినని కాలేజీకి తీసుకెళ్లి, "ఈ బొమ్మలన్నీ ఈవిడ చేతివే" అని చెప్పింది. చప్పట్లతో గది హోరెత్తింది.

బయటికొచ్చాక వదిన కసిరింది. "అంతమందిలో అలా నిలబెట్టేశావేంటే?"

"నువ్వు లేకపోతే నేను ఆ గదిలో ఉండేదాన్నే కాదు వదినా."

వదిన ముక్కు ఎగబీల్చి, "సరేలే, మెట్లున్నాయి, చూసుకుని దిగు" అంది. ఆ 'చూసుకుని'కి ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు.