నిప్పుల కుంపటికి ఒక కాఫీ

నాకు ముక్కు మీద కోపం. అలాంటివాణ్ణి తీసుకెళ్లి గుడివాడ స్టేషను ఎదురుగా కాఫీ హోటల్లో సప్లయరుగా పెట్టారంటే, పెట్టినవాళ్లని అనాలి. బండి మారే జనం పది నిమిషాల్లో ఇడ్లీ తిని, కాఫీ తాగి పరుగెత్తాలి. ఆకలీ హడావుడీ కలిస్తే మనిషికి మర్యాద గుర్తుండదు. ఒకడు చిటికె వేస్తాడు, ఒకడు గ్లాసుతో బల్ల మీద కొడతాడు. అందరూ "ఏయ్" అనేవాళ్లే. ఊరుకోలేక రెండుసార్లు తగువు పడ్డాను. మూడోసారి నోరు లేస్తే మూట సర్దుకోమని యజమాని తెగేసి చెప్పారు. సర్దుకుని ఎక్కడికి పోను? అమ్మ పోయాక నాగాయలంకలో ఇంటికి తాళం వేసి, పులిగడ్డ రేవులో పంటు ఎక్కి కృష్ణ దాటి వచ్చినవాణ్ణి. నాకోసం ఎదురుచూసే మనిషి ఆ దివిసీమలో ఒక్కరూ లేరు.

అందుకని పళ్లు బిగబట్టుకుని, కసి తీర్చుకోవడానికి వేరే దారి చూసుకున్నాను. ఆ రోజుల్లో చీటీలు లేవు. ఎవరికేం కావాలో హాల్లో నిలబడి వంటింటికి వినబడేలా కేక వేయడమే. నోటి దురుసు గిరాకీలకు మాత్రం వంటింటి గుమ్మం దాకా వెళ్లి, నేను పెట్టిన పేర్లతో వంటమేస్త్రికి మెల్లగా చెప్పేవాణ్ణి. ఆయన నవ్వేవారు. రోజు మొత్తం మీద ఒక మనిషి నా మాటకు నవ్వేది అప్పుడే.

పెడన నుంచి ప్రతి మంగళవారం అద్దకం చీరల వ్యాపారి ఒకాయన దిగేవారు. భీమవరం బండి వచ్చేదాకా మా హోటల్లోనే కూర్చుని, సాంబారు పంటకాలవ నీళ్లలా ఉందనీ, కాఫీ చల్లారిందనీ, నాది నత్త నడకనీ తిట్టిపోసేవారు. ఆయనకు నేను పెట్టిన పేరు నిప్పుల కుంపటి.

ఒక మంగళవారం రెండు బళ్లు ఒకేసారి వచ్చాయి. హాలు కిటకిటలాడుతోంది. గుమ్మం దాకా వెళ్లే తీరిక లేక, ఆ పేరే హాలు మధ్య నుంచి కేక వేసేశాను.

"నిప్పుల కుంపటికి ఒక కాఫీ, పంచదార తక్కువ!"

పంచదార తక్కువ అడిగేది ఆయనొక్కరే. మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి నావైపు చూశారు. యజమాని గల్లా వదిలి వచ్చి నా భుజం పట్టుకున్నారు. నా కోపమంతా ఎటు పోయిందో, ఏడుపొచ్చేసింది.

"ఆగండి," అన్నారు వ్యాపారి. "మా ఇంట్లోవాళ్లూ వెనకాల ఇలాగే అనుకుంటారు లెండి. ఇతను మొహానే అన్నాడు." తర్వాత నాతో అన్నారు: "నాకు పేరు పెట్టావు, సరే. నీ పేరేంటయ్యా?"

నేను గుడివాడ వచ్చి రెండేళ్లు. గిరాకీల్లో నా పేరు అడిగిన మొదటి మనిషి ఆయనే. రెండుసార్లు చెప్పాను. యజమాని భుజం వదిలేశారు.

ఆ వారమంతా మంగళవారం కోసం ఎదురుచూశాను. సిగ్గెందుకు, గడ్డం కూడా గీయించుకున్నాను. ఆయన వచ్చి కూర్చుని, హాలంతా వినబడేలా నన్ను పేరు పెట్టి పిలిచారు. అది నా పేరు కాదు. నాది మరిచిపోయి, నోటికొచ్చిన పేరేదో అనేశారు.

కాదండీ అనబోయాను. చెబితే విసుక్కుని మళ్లీ "ఏయ్" అంటారేమోనని భయం వేసింది.

"ఆఁ, వస్తున్నానండీ," అన్నాను.

ఆ హోటలు మానేసేదాకా ప్రతి మంగళవారం ఆ పేరుకే పలికాను.