తోమాసా వెలిగించిన మంట

ఏళ్ల తరబడి ఇది నా గుండెల మీద కుంపటి. నా మాట వల్ల ఒక మనిషికి ఇల్లు పోయింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పుడు హామిల్టన్ అనే ఊళ్ళో మేమూ తోమాసా ఆంటీ కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆమెది గ్వాటెమాల దేశం. అక్కడి ఆదివాసులైన మాయా జాతి మనిషి. వృద్ధాశ్రమంలో వంట చేసేది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేది. మళ్ళీ తమ పాత పంచాంగం లెక్క చూసుకుని, మంచిరోజున పెరట్లో ఇనప మూకుడు పెట్టి, అందులో పంచదారతో ముగ్గు వేసి, రంగురంగుల కొవ్వొత్తులు పేర్చి మంట వెలిగించేది. చర్చికి వెళ్ళే మనిషికి ఈ మంటెందుకు? ఆ నల్ల కొవ్వొత్తి ఎవరి కోసం? నేను కడుపుతో ఉన్నాను. కర్టెన్ చాటు నుంచి చూసేదాన్ని. మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడికించి ఆమె ఏదైనా పెడితే, నవ్వుతూ అందుకుని చెత్తబుట్టలో వేసేదాన్ని.

ఒకరోజు ఆ మంట ముందు, అర్థంకాని ఆమె భాష మధ్యలో, నా పేరు వినిపించింది. చేతబడి కాక ఇంకేమిటి?

ఆ వారంలోనే ఇంటి ఏజెంట్ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చాడు. హాల్లో కార్పెట్ కాలి ఉంది. ఎవరు చేశారని అడిగాడు. తోమాసా ఆంటీ నిప్పులతో ఏవో పూజలు చేస్తుందన్నాను. అబద్ధం కాదు. అతను అడిగినదానికి జవాబూ కాదు. తను కాదని ఆమె ఎంత చెప్పినా వాళ్ళు వినలేదు, ఆమెను ఖాళీ చేయించారు.

ఆమె సామాన్లు సర్దుకుంటుంటే ఉండబట్టలేక అడిగాను.

"ఆంటీ, ఆ రోజు ఫైర్ దగ్గర నా పేరెందుకు చెప్పారు?"

"ఇంట్లో ఉన్నోళ్ళందరి పేర్లూ చెప్పాలి కదమ్మా. నీది రెండుసార్లు చెప్పా. నీ బేబీకి ఇంకా పేరు లేదుగా." పెట్టె మూస్తూ అంది, "మా అమ్మ ఇవన్నీ దాక్కుని చేసేది. ఇక్కడైతే ఎవరూ ఏమీ అనరనుకున్నా."

నమ్మానా? లేదు. తీయగా మాట్లాడి ఏదో దాస్తోందనుకున్నాను. పాప పుట్టాక దానికి ఒళ్ళు వెచ్చబడినప్పుడల్లా ఆమెనే తిట్టుకున్నాను. ఇప్పుడు అనుమానమంతా నా మీదే. నేను నిజంగా భయపడ్డానా, లేక ఆ భయం సమయానికి నాకు అక్కరకొచ్చిందా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

ఆమె ఇప్పుడు హెండర్సన్ అనే చోట ఉంటోందట. వెళ్ళలేదు. మంట వెలిగించుకుంటోందో, మానేసిందో తెలియదు.

ఏజెంట్ రావడానికి ముందు శుక్రవారం హాల్లో సాంబ్రాణి వేస్తూ నిప్పు జారవిడిచింది నేను. కార్పెట్ కాల్చింది నేను.