లూజు మాస్టారు

ఆ కాలేజీ ల్యాబ్‌లో రిపేర్లు చూసే ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఫ్యాను ఆగినా, రోబో ఆగినా "ఎక్కడో లూజుందర్రా" అనేవాడు గనుక లూజు మాస్టారైపోయాడు. ఆ పేరులోని వెటకారం ఆయనకు తెలియక కాదు. చాలాసార్లు నిజంగానే ఏదో వైరు ఊడి దొరికేది కాబట్టి పైకి నవ్వేసి, లోపల మీసం మెలేసేవాడు.

ఆయన కూతురు అక్కడే చదువుతోంది. రోబో పోటీల్లో కాలేజీ జట్టు రోబోను రిమోట్‌తో నడిపేది తనే. ఆ రిమోట్ కోసం సెలవుల్లో కూడా ల్యాబ్‌కే అతుక్కుపోయిన పిల్ల. సెమీఫైనల్ మొదటి ఆటలో రోబో అడ్డుగోడను గుద్దింది. ఎడమ చక్రాలు చచ్చుబడి, ఉన్నచోటే గిరగిరా తిరిగింది. "మళ్లీ ఇలా అయిందో, రిమోట్ నీ చేతికివ్వను," అని కోచ్ అందరి ముందే అనేశాడు.

రెండో ఆటకు కాసేపే వ్యవధి.

"నాన్నా, గుద్దినప్పుడు ఎడమ మోటారు బ్రేకర్ ట్రిప్పయి కరెంటు ఆగిపోయుంటుంది. ముందు అది చూడనీ," అంటూ కూతురు చెయ్యి పెట్టబోయింది.

"తియ్యి చెయ్యి! నీ వయసంత సర్వీసు నాది. ఇది లూజే."

నలుగురిలో కూతురు తనకు పాఠం చెప్పడం నచ్చలేదు, అంతకు మించి కారణమేమీ లేదు. ప్రతి వైరూ లాగి చూశాడు, ప్రతి స్క్రూ బిగించాడు. ఒక్కటీ వదులుగా లేదు. అయినా పట్టు విడవలేదు. చక్రాలు తిప్పి చూసేలోపే పిలుపొచ్చింది.

బరిలో రోబో మళ్లీ గిరగిరా తిరిగింది. ఓడిపోయారు. వెనక్కి తెచ్చి బ్యాటరీ తీస్తే, దాని చాటున బ్రేకర్ బటన్ బయటికి పొడుచుకొచ్చి ఉంది. వేలితో నొక్కితే సరిపోయేది.

"బ్రేకర్ చూడాల్సింది ఎవరు?" కోచ్ అరిచాడు.

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన తలొంచుకుని స్క్రూడ్రైవర్లు సర్దుకుంటున్నాడు.

"నేనే సర్. మర్చిపోయాను."

ఆ క్షణంలో ఆయనకు కలిగింది సిగ్గు కాదు, హమ్మయ్య అన్న ఊరట. సిగ్గు తర్వాత తీరిగ్గా వచ్చింది, ఎవరికీ పనికిరాకుండా. అప్పటికే రిమోట్ ఇంకొకరి చేతికి వెళ్లిపోయింది.

ఇంట్లో భార్య కంగారుపడింది. "ఏమైందే? ముద్ద ముట్టలేదేం?"

"బ్రేకర్ చూసుకోలేదమ్మా, నాదే తప్పు," అంది కూతురు, ఆయన ముఖం చూడకుండా.

అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పాడు కూడా.

"మరి చూసుకోవద్దూ?" అన్నాడు.