మూడు డ్రమ్ముల కుళ్లు

ఆ ఊరి పేరు చెప్పను. చెబితే మీరూ వెళ్తారు, వచ్చి ఆహా ఓహో అంటారు, అది మళ్లీ నేనే వినాలి. పర్చూరు వెళ్లే దారిలో ఎడమకు తిరగాలి, అంతవరకు చెప్పగలను.

బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో మూడు నీలం డ్రమ్ములున్నాయి. తడిచెత్త, పొడిచెత్త వేరు చేసి, కూరగాయల తొక్కలు ఎరువుగా మార్చి మేడమీద కుండీలకు వేద్దామని నేనే తెచ్చి పెట్టించాను. ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి పోరుతూనే ఉన్నాను. పై అంతస్తు ఆవిడ లిఫ్టులో ఎదురైతే ముక్కు మూసుకుని, "మీ చెత్త వాసనొస్తోందండీ" అంటుంది. అందులో సగం ఆవిడ వంటింటిదే. ఒక శనివారం పొద్దున సెక్రటరీ గారు వాట్సాప్‌ గ్రూపులో మెసేజ్ పెట్టారు. డ్రమ్ములు తీసేసే విషయం రేపు మీటింగులో తేల్చేద్దామట. దాని కింద వరసగా బొటనవేళ్లు.

ఒళ్లు మండి కారు తాళాలు తీసుకుని బయటపడ్డాను. పెదకాకానిలో పూజ చేయించాక ఆ కారును నేనొక్కదాన్నే ఊరు దాటించడం అదే మొదటిసారి. ప్రత్తిపాడు దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఏరేసిన పత్తిచేలు, కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. ఆ ఘాటుకి అద్దాలెక్కించుకుని కూడా తుమ్ముతూనే పోయాను. ఆకలేసిన చోట ఎడమకు తిరిగాను. ఊరు కనబడింది.

సెంటర్లో ఒక టిఫిన్ హోటల్. ఇడ్లీ పార్సిలు కట్టమన్నాను.

"గిన్నేదండీ?" అన్నాడు హోటలాయన.

లేదన్నాను. ఆయన ఏమీ అనుకోకుండా వెనక అలమరలోంచి ఒక స్టీలు క్యారేజీ తీశాడు. ఎవరి పెళ్లిలో కానుకగా వచ్చిందో, మూత మీద పేర్లు చెక్కి ఉన్నాయి. ఊళ్లో ఎవరింట్లో ఎక్కువైన గిన్నెలు వాళ్లు తెచ్చి అక్కడ పెడతారట. ప్లాస్టిక్ కవరు అడిగే పని లేదు.

"తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేసి వెళ్లండి."

"రాకపోతే?"

"మీ ఇంట్లో ఉంటది. ఏం పోయింది, మన గిన్నేగా."

మా గిన్నె అనలేదు, మన గిన్నె అన్నాడు. నేనెవరో ఆయనకు తెలియదు. మా అపార్ట్‌మెంట్లో ఇన్నేళ్లుగా ఒక్కరి నోటా రాని మాట, ఈయన సాంబారు పోస్తూ అనేశాడు. ఆ ఇడ్లీ బాగుందని ఒప్పుకోవడానికి కూడా మనసు రాలేదు.

కార్లోనే కూర్చుని తిని, క్యారేజీ అక్కడే పెట్టి ఊళ్లోకి నడిచాను. ప్రతి గుమ్మం దగ్గరా రెండు బుట్టలు. మిరప తొడిమలు, పేడ, ఆకులు కలిపి మగ్గేస్తున్న గుంటలు. ఎండిన పత్తికట్టెను తగలబెట్టకుండా ముక్కలు చేసి ఒక పక్కన పోశారు. అరుగు మీద కూర్చున్నావిడ "ఎవరింటికండీ?" అంది. ఎవరింటికీ కాదన్నాను. "అయితే మా ఇంటికి రండి, మజ్జిగ తాగి వెళ్దురు" అంది. తాగాను. తాగుతూనే ఆ ఊరి మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆ గుంటల్లో చెత్త ఇంకా పూర్తిగా కుళ్లలేదు, నేను మాత్రం శుభ్రంగా కుళ్లిపోయాను.

ఇదంతా పైపై వేషమే అయ్యుండాలి అనుకున్నాను. ముందు వీధి ఊడ్చి వెనక వీధిలో పారబోసే రకం అయ్యుంటారు. వెళ్లి ఇళ్ల వెనక మురుగు కాలవ పక్కన వంగి, ఒక్క కవరైనా దొరక్కపోతుందా అని వెతకడం మొదలుపెట్టాను. అక్కడే ఒకావిడ పాత పరుపు విప్పి దూది ఎండబెడుతోంది. పాత పరుపుల్ని మళ్లీ కొత్తగా కుట్టివ్వడం ఆవిడ పని.

"ఏం పోయిందమ్మా?" అని కేకేసింది.

నోటికొచ్చింది చెప్పాను. "చెవి దుద్దు."

అంతే. ఆవిడ అరిచిన అరుపుకి నాలుగిళ్లవాళ్లు బయటికొచ్చారు. ఒకాయన లుంగీ ఎగ్గట్టి కాలవలోకి దిగిపోయాడు. ఇంకొకరు చీపురుతో మట్టి మెల్లగా గీకుతున్నారు. బంగారందా, రాళ్లదా, ఎటునుంచి నడిచొచ్చారు, ఒకటే ప్రశ్నలు. చెమటలు పట్టి జుట్టు వెనక్కి తోసుకున్నాను.

పరుపులావిడ నా మొహం వైపు చూసి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రెండూ చెవులకే ఉన్నాయి కదమ్మా!"

కాలవలో ఉన్నాయన నడుం పట్టుకుని నవ్వాడు. అందరూ నవ్వారు. అవతలికి పోతూ ఒకావిడ, దొరికింది అదే చాలు అంది. ఒక్కరైనా తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

"నిజం చెప్పండి, దేనికోసం వెతుకుతున్నారు?" అంది పరుపులావిడ.

"చెత్త కోసం," అన్నాను. ఇక దాచి లాభం లేదు.

"అదా! రండి, చూపిస్తాను."

ఊరి చివర తాళం వేసిన రేకుల షెడ్డు దగ్గరికి తీసుకెళ్లింది. లోపల ఖాళీ పురుగుమందు డబ్బాలు గుట్టగా పడున్నాయి. చేలగట్ల మీద పారేయకుండా రైతులే తెచ్చి వేస్తారట. తీసుకెళ్లేవాళ్లు వస్తామంటారు గానీ రారట. "ఇదమ్మా మన చెత్త. దీన్ని చూస్తే సిగ్గేస్తది," అంది. దొరకాల్సింది దొరికింది, అయినా నాకు సంతోషం కలగలేదు. సిగ్గుపడటం కూడా అందరూ కలిసి పడుతున్నారు వీళ్లు.

అప్పుడే ఫోను మోగింది. సెక్రటరీ గారు. ఆయన గొంతుకి స్పీకరు అక్కర్లేదు.

"మేడమ్, ఇంక మీటింగు కూడా ఎందుకులెండి. అందరూ ఓకే అనేశారు. మీ డ్రమ్ములు మీరే తీయించేసుకోండి."

ఫోను పెట్టేశారు. పరుపులావిడ అంతా వింది. ఏం డ్రమ్ములని అడిగితే చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది.

"గట్టివేనా? మూతలున్నాయా? ఎవరికీ అక్కర్లేకపోతే ఇటు పంపించెయ్యండమ్మా. ఈ డబ్బాలకి డ్రమ్ములు లేక చస్తున్నాం. మీ ఊళ్లో మిర్చి యార్డులో కాయలు దింపి ట్రాక్టరు ఖాళీగానే వస్తది, ఎక్కించుకొస్తారు."

ఆ డ్రమ్ములు ఇక్కడికొస్తే వీళ్లు కడిగి, మూతలు బిగించి, బంగారంలా చూసుకుంటారు. అది నాకు తెలుసు. అదే నేను భరించలేకపోయాను. ఇంత ఉన్నవాళ్లకి నా మూడు డ్రమ్ములు కూడా కావాలా?

"ఇవ్వను," అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. "ఎవరికీ అక్కర్లేదన్నారు కదమ్మా."

"నాకు కావాలి!" గొంతు నాకే తెలియకుండా పెద్దదైంది.

"నామీద అరుస్తారేంటి?" అంది ఆవిడ, కోపం లేకుండానే. "ఆ మాట ఆయనతో అనండి."

ఆ షెడ్డు ముందే నిలబడి సెక్రటరీ గారికి తిరిగి ఫోను చేశాను.