టీవీలో నెలవంక

నేను యర్రగొండపాలెంలో ఫిజిక్స్ లెక్చరర్ని. నెలపొడుపు నాడు చీరకొంగులోంచి ఒక నూలుపోగు తీసి చంద్రుడికి సమర్పించడం మా అవ్వకు చిన్ననాటి అలవాటు. చూపు మందగించాక సన్నటి నెలవంక ఆమె కంటికి ఆనడం లేదు. అందుకే ఆ సాయంత్రం టెలిస్కోపుకు కెమెరా బిగించి, నా లైనక్స్ ల్యాప్‌టాప్‌ను వాకిట్లో పెట్టిన పెద్ద టీవీకి కలిపాను. వీధంతా చేరింది.

ల్యాప్‌టాప్‌లో చంద్రుడు ఉన్నాడు. టీవీ మాత్రం నల్లగానే ఉంది. వైరు మార్చినా అంతే.

"ఏందమ్మాయ్, యాడ నీ చంద్రుడు?" అంది గొర్రెలు తోలుకొచ్చిన పక్కింటి పెద్దమ్మ.

అప్పుడు తట్టింది. నా ల్యాప్‌టాప్‌లో తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ చిప్‌లు రెండున్నాయి. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని పెద్దదాన్ని నేనే ఆపేశాను. టీవీ వైరు పెట్టే పోర్టు దానికే కలిసి ఉంది! సెట్టింగు మార్చి రీస్టార్ట్ చేశాను. అది తెరుచుకునేలోగా నెలవంక నల్లమల కొండ మీదికి దిగిపోతోంది.

"పోనీలేమ్మా, వచ్చే నెల చూద్దాం" అంది అవ్వ.

అంతలో టీవీ నిండా వెలుగు! నెలవంక, దాని అంచున గుంటలు, వాటి నీడలు. అవ్వ చెప్పులు విడిచి, తడుముకుంటూ వెళ్లి, కొంగులోంచి పోగు లాగి టీవీ ముందు పెట్టి దండం పెట్టింది.

"చంద్రుడు అటు వైపున్నాడవ్వా" అనబోయి ఆగిపోయాను. తెర మీద నల్లమల చెట్ల కొమ్మలు మెల్లగా నెలవంకను కప్పేస్తున్నాయి.

చంద్రుడు ఎంత దూరమో ఏటా పిల్లలకు చెబుతాను. ఆ సాయంత్రం మాత్రం, నాకు తెలియకుండానే, నా చేయి చున్నీ అంచున పోగు కోసం వెతుకుతోంది.