మా తాత మొహంతో మహా రచయిత

ఆ రోజుల్లో ఇందుకూరుపేటలో అంగారక గ్రహం గురించి దిగులు పడేవాళ్లం ఇద్దరమే, నేనూ, మేం రాకెట్టు అని పిలిచే నా స్నేహితుడూ. (వాడి మోపెడ్ మాత్రం తోస్తేగానీ కదిలేది కాదు.) ఊరంతా రొయ్యల ధర మాట్లాడుకుంటుంటే, మేం పాత పుస్తకాల అంగట్లో దొరికిన సైన్స్ నవలలు చదివి మానవజాతి భవిష్యత్తు మోసేవాళ్లం. అవి రాసిన పెద్దాయన పోయాడని తెలిసిన రోజున ఊళ్లో ఒక్కరూ తాగుతున్న టీ ఆపలేదు. మాకు తల కొట్టేసినట్టయింది. సంస్మరణ సభ పెట్టి, ఆయనెవరో ఊరికి తెలియజెప్పాలని పంతం పట్టాం.

సభ అంటే ఫ్లెక్సీ, ఫ్లెక్సీ అంటే ఫొటో. ఆయన పుస్తకాల మీద బొమ్మ ఎక్కడా లేదు. మొహం లేని ఫ్లెక్సీ వేస్తే తన పరువు పోతుందని ఫ్లెక్సీ అంగడి అన్న తేల్చేశాడు. రాకెట్టు నా ఫోన్లోంచి కళ్లజోడూ శాలువాతో గంభీరంగా ఉన్న ముసలాయన ఫొటో తీసి పంపాడు. అది మా తాత. (ఎన్నడూ చూడని రచయితతో పోలికలు బాగా కుదిరాయని నేను మెచ్చుకున్నాను కూడా.) మర్నాటికి తాత మైపాడు రోడ్డు మీద దండతో, దీపంతో, అశ్రునివాళితో వెలిశాడు. రచయిత పేరు చీమంత అక్షరాల్లో ఓ మూల ఉంది.

మధ్యాహ్నానికి ముత్తుకూరు నుంచి మేనత్త ఏడుస్తూ ఆటో దిగింది. తాత వసారాలో మజ్జిగ తాగుతున్నాడు. అంత దూరం నుంచి తెచ్చుకున్న ఏడుపును ఏం చేయాలో తెలీక ఆమె తాతనే తిట్టింది.

తాత నన్ను పిలిచి, "ఏందబ్బయా, నేను పోయినానని నాకొక మాట చెప్పొద్దా?" అన్నాడు. తిట్టి ఉంటే అంత భయం వేసేది కాదు. సభ మానేస్తామన్నా ఆయన ఒప్పుకోలేదు, వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. జనం విరగబడి వచ్చారు. సాహిత్యం కోసం కాదు, పోయినాయన్ని చూడటానికి. నేను గొంతు సవరించుకుని, అంగారకుడి మీద ఊళ్లు కట్టే నవల గురించి గొప్పగా చెప్పాను. తాత శ్రద్ధగా విని అడిగాడు.

"అంతా బాగుండాది గానీ, ఆడ వరికి నీళ్లు యాడ్నించి తెస్తారంట?"

నవలంతా తిరగేశాను. నీళ్ల ఊసే లేదు. కాలవ కింద మళ్లున్న ఊరంతా నా వైపు జాలిగా చూసింది. ఆ తర్వాత ఆ నవలలన్నీ తాతకు చదివి వినిపించాల్సి వచ్చింది. ప్రతి గ్రహం దగ్గరా అదే ప్రశ్న.

తాత నిజంగా పోయినప్పుడు ఆ ఫొటోనే పెట్టాం. పలకరింపుకు వచ్చినవాళ్లు కొందరు, ఈయన పెద్ద రచయిత కదా అన్నారు. మేం కాదనలేదు. ఇప్పటికీ ఏ సైన్స్ నవల తెరిచినా ముందు నీళ్లెక్కడున్నాయా అని వెతుక్కుంటాను. నీ మీద ఏ రచయిత ప్రభావం ఉందని ఎవరైనా అడిగితే ఆ పెద్దాయన పేరే చెప్తాను. మొహం మాత్రం తాతదే గుర్తొస్తుంది.